పెయింట్ కొత్తదే... తలుపు రబ్బరే పాతది!

తాతగారి అంబాసిడర్‌కో, నాన్నగారి పద్మినీకో మళ్లీ ప్రాణం పోయాలని ముచ్చటపడే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే. ఇంజిన్ మీద, రంగు మీద, సీట్ల మీద లక్షలు పోస్తారు. తలుపు చుట్టూ ఉండే నల్ల రబ్బరు పట్టీని మాత్రం చివరి రోజు దాకా పట్టించుకోరు. కారు మళ్లీ తుప్పు పట్టడం మొదలయ్యేది చాలాసార్లు సరిగ్గా అక్కడి నుంచే!

పాత కారు రిపేరుకి ఇచ్చినప్పుడు గ్యారేజీలో జరిగే మాటలు దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. "మేస్త్రీ గారూ, తలుపు రబ్బర్ల సంగతేంటి?" అని అడిగితే, "రబ్బరేగా బాబూ, డెలివరీ ముందురోజు వేసేద్దాంలే" అని జవాబు. వేసేస్తారు కూడా. ఎవరికీ తప్పేం కనబడదు. రంగు మెరుస్తుంటుంది, క్రోమ్ తళతళలాడుతుంటుంది. ఫొటోలు తీసి స్టేటస్ పెడతాం. లైకులు కురుస్తాయి.

ఆ తర్వాత అసలు వాన కురుస్తుంది. తెల్లారి తలుపు తీస్తే మ్యాట్ కింద నీళ్లు. ఎండకి ఆరిపోయాయి కదా అని ఊరుకుంటాం. పైన మ్యాట్ ఆరుతుంది కానీ, దాని కింద ఉన్న ఫెల్ట్ ఆరదు. ఆ తడి రోజుల తరబడి ఫ్లోర్ రేకుని నానబెడుతుంది. అంబాసిడర్, పద్మిని లాంటి కార్లకి లారీలా వేరే ఛాసిస్ ఉండదు. బాడీయే బలం. ఫ్లోర్, తలుపు కింద ఉండే సిల్ కుళ్లిపోతే పోయేది అందం ఒక్కటే కాదు, కారు బలమే.

అందుకే ఈ వారం కథ ఆ నల్ల పట్టీ గురించి.

షాపులో ఏమని అడగాలి?

ఇంటర్నెట్‌లో వెతికితే 'వెదర్‌స్ట్రిప్' అని వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఆ మాట అంటే కౌంటర్ అవతలి మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. 'డోర్ బీడింగ్' అనండి, లేదా 'డోర్ రబ్బర్' అనండి. వెంటనే అర్థమవుతుంది.

అయితే తలుపుకి ఉండేది ఒక్క రబ్బరు కాదు. కనీసం మూడు రకాలుంటాయి. మొదటిది, తలుపు మూసినప్పుడు బాడీకీ తలుపుకీ మధ్య నలిగి సందుని మూసేసే ప్రధాన పట్టీ. కొన్ని కార్లలో ఇది తలుపుకి అంటించి ఉంటుంది, కొన్నింట్లో బాడీ చట్రం అంచుకి తొడిగి ఉంటుంది. రెండోది, అద్దం పైకీ కిందికీ జారే దారిలో ఉండే గ్లాస్ ఛానెల్. లోపల మెత్తటి ఫెల్ట్‌గానీ, నూగులాంటి అంచుగానీ ఉంటుంది. మూడోది, అద్దం తలుపులోకి దిగే చీలిక దగ్గర లోపలొకటి, బయటొకటి ఉండే సన్నపట్టీలు. అద్దం దించినప్పుడు నీళ్లనీ దుమ్మునీ తుడిచేవి ఇవే. ముందు తలుపుల్లో తిప్పుకునే చిన్న తికోణపు అద్దాలున్న పాత మోడల్ అయితే వాటి చుట్టూ ఇంకో రబ్బరు.

మేస్త్రీ 'నాలుగు తలుపులకీ రబ్బర్లు మార్చేశా' అన్నాడంటే వీటిలో ఏవి మార్చాడో అడిగి తెలుసుకోండి. మామూలుగా మొదటిది ఒక్కటే మారుస్తారు. మిగిలినవి అలాగే ఉంటాయి.

తడి ఎక్కణ్నుంచి వస్తోందో ముందు తేల్చండి

ఇక్కడే చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. ఫ్లోర్ తడిసింది కాబట్టి డోర్ బీడింగే పోయిందనుకుని కొత్తది వేయిస్తారు. మళ్లీ వానొస్తుంది, మళ్లీ తడి.

తలుపు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ చిక్కు ఉండదు. అద్దం మీద పడ్డ వాన నీటిలో కొంత ఎలాగూ తలుపు లోపలికి దిగుతుంది. కార్లు తయారుచేసేవాళ్లకి ఆ సంగతి తెలుసు. అందుకే తలుపు అడుగున చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు. లోపలికి దిగిన నీళ్లు వాటిగుండా బయటికి పోవాలి. ఏళ్లకొద్దీ దుమ్ము, ఎండుటాకులు, పాత పుట్టీ పడి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. నీళ్లు తలుపులోనే నిలబడి, రేకుని లోపలి నుంచి తినేస్తాయి. బయటికి పెయింట్ పొంగు కనిపించేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది.

ఇంకొకటి. తలుపు లోపలివైపు ఉండే ట్రిమ్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటుగానీ, తారు పూసిన కాగితంగానీ ఉండాలి. తలుపు లోపలి నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. ఎప్పుడో స్పీకర్లు పెట్టించినప్పుడు దాన్ని చింపేసి ఉంటారు. ట్రిమ్ ప్యాడ్ అడుగు ఉబ్బిపోయి, మరకలు పడి ఉందంటే దోషి ఈ చిరిగిన షీటే అని అనుమానించండి. ఎంత ఖరీదైన బీడింగ్ వేసినా ఆ నీటిని ఆపలేదు.

తేల్చుకునే పద్ధతి తేలికే. కారులో ఒకరు ఫోన్ టార్చ్‌తో కూర్చోవాలి. ఇంకొకరు బయట తోటకి నీళ్లు పట్టే పైపుతో, ప్రెషర్ లేకుండా, ముందు తలుపు అడుగున నీళ్లు వదలాలి. రెండు మూడు నిమిషాలాగి కొంచెం పైకి, ఇంకా పైకి, చివరికి అద్దం మీదికి, ఆ తర్వాత ముందు అద్దం అంచు మీదికి. కింది నుంచి పైకే పోవాలి. ముందే పై నుంచి పోస్తే నీళ్లు అన్నిచోట్లా జారి, ఎక్కడ కారుతోందో తెలియకుండా పోతుంది. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ గన్ ఇక్కడ వద్దు. ఆ ధాటికి మంచి రబ్బరు కూడా నీటిని లోపలికి వదిలేస్తుంది.

రబ్బరు ఎందుకు ముసలిదవుతుంది?

పాత పట్టీని వేలితో వంచి చూడండి. మూలల దగ్గర అడ్డంగా సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. ఎండకి ఎండిపోయిందిలే అంటాం కానీ, నేరం ఎండది ఒక్కదానిదే కాదు. గాలిలో కొద్దిపాటి ఓజోన్ ఎప్పుడూ ఉంటుంది. సహజ రబ్బరు అణువుల గొలుసులో జంట బంధాలుంటాయి. ఓజోన్ వాటి మీద పడి గొలుసుని తెంపేస్తుంది. విశేషమేంటంటే, ఆ పగుళ్లు రబ్బరు సాగి ఉన్నచోటే పడతాయి, సాగిన దిశకి అడ్డంగా పడతాయి. మూలలే ముందు పగలడానికి కారణం అదే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, బిగించేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడేది ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. దాని వెన్నెముక గొలుసులో ఆ జంట బంధాలుండవు. అందుకే ఎండకీ, ఓజోన్‌కీ, వేడికీ బాగా తట్టుకుంటుంది. మన రామగుండం ఎండలకీ, విశాఖ ఉప్పుగాలికీ ఇదే తగినది. అయితే దీనికో బలహీనత ఉంది. పెట్రోలు, డీజిలు, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. సర్వీసింగ్‌లో 'మెరుపు కోసం' డీజిల్ గుడ్డతో తుడిచే అలవాటు ఉన్నచోట మీ తలుపు రబ్బర్ల దగ్గరికి ఆ గుడ్డని రానివ్వకండి.

ముసలితనానికి ఇంకో లక్షణం కూడా ఉంది. ఏళ్ల తరబడి నలిగి నలిగి రబ్బరు మళ్లీ లేవడం మానేస్తుంది. పగుళ్లు లేకపోవచ్చు, చూడ్డానికి బాగానే ఉండొచ్చు. కానీ వేలితో నొక్కి వదిలితే అలాగే అణిగి ఉంటుంది. అలాంటి రబ్బరు ఉన్నా లేనట్టే.

కొనేటప్పుడు మీటర్ల లెక్క చాలదు

అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైంది. బయటికి ఒకేలా కనిపించినా ఇన్నేళ్లలో ఎన్నో మార్పులు జరిగాయి. 'అంబాసిడర్ బీడింగ్ ఇవ్వండి' అంటే ఇచ్చేది మీ బండికి సరిపోతుందన్న నమ్మకం లేదు. మోడల్, తయారైన సంవత్సరం చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా పాత పట్టీ ముక్క ఒకటి కోసి జేబులో పెట్టుకెళ్లండి. దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారమే దాని గుర్తింపు కార్డు. అణగని చోటి నుంచి, అంటే హింజ్ పక్క నుంచో పై మూల నుంచో ముక్క తీస్తే అసలు సైజు తెలుస్తుంది.

పాత పట్టీ దొరకలేదా? లేదా ఎవరో ఇంతకుముందే తప్పుడుది వేశారా? పిల్లలు ఆడుకునే క్లే ఉంది కదా, అది తెచ్చుకోండి. చిన్న ఉండలు చేసి, పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, రబ్బరు లేని తలుపు చట్రం చుట్టూ ఎనిమిది పది చోట్ల పెట్టి తలుపు నెమ్మదిగా మూయండి. తీసి, అణిగిన మందం కొలవండి. సందు 10 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బోలుగా ఉండే పట్టీ మూడో వంతు దాకా నలిగితే బాగా పట్టుకుంటుంది. అంటే 15 మిల్లీమీటర్ల పట్టీ కావాలి. 20 మిల్లీమీటర్లది వేస్తే తలుపు పడదు. 11ది వేస్తే గాలి ఆగదు.

ఈ కొలతలో ఇంకో లాభం ఉంది. ఒకచోట 8, ఇంకోచోట 16 మిల్లీమీటర్లు వచ్చిందంటే గొడవ రబ్బరుది కాదు, తలుపుది. అది టింకరింగ్ మేస్త్రీ పని. ఏ బీడింగూ ఆ తేడాని మింగలేదు.

స్పాంజ్ రకం కొనేటప్పుడు చిన్న పరీక్ష చేయండి. ముక్కని నీళ్లలో ముంచి, పిండి చూడండి. నీళ్లు కారితే వద్దు. సోఫా స్పాంజ్‌లా నీటిని పీల్చే రకం తలుపుకి పనికిరాదు. ప్రతి గడీ విడిగా మూసుకుని ఉండే రకమే కావాలి. మన దగ్గర దొరక్కపోతే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్లలో పాత కార్ల సామాన్లు వెతికేవాళ్లకి చిరునామా అక్కర్లేదు. ఎవర్ని అడిగినా చెబుతారు. ఫొటో పంపి బేరం ఆడినా, డబ్బు పంపేముందు ఆ అడ్డకోత ముక్కని స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో అడగండి.

పెయింట్‌కి ముందే ఒకసారి

ఇది ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. రబ్బర్లు చివర్లో బిగించాలి, నిజమే. కానీ చివర్లో కొనకూడదు. టింకరింగ్ అయ్యాక, రంగు వేసే ముందే కొత్త రబ్బర్లని టేపుతో తాత్కాలికంగా పెట్టి తలుపులు మూసి చూడాలి. కొత్త రబ్బరు తలుపుని బయటికి తోస్తుంది. తలుపు, ఫెండర్‌తో సమంగా ఉన్న గీత చెదిరిపోవచ్చు. ఆ సర్దుబాటు ఇప్పుడు చేస్తే పావుగంట పని. రంగు వేశాక చేస్తే హింజ్ దగ్గర పెయింట్ లేస్తుంది, అంచులు గీసుకుంటాయి. లక్షల రంగు మీద మొదటి గాటు అలా పడుతుంది.

ఇప్పుడే తలుపుని సగం తెరిచి, చివరన పట్టుకుని పైకి లేపి చూడండి. టకటకమని ఆడిందంటే హింజ్ పిన్నులు అరిగిపోయాయి. అవి బాగుచేయకుండా రబ్బరు వేస్తే పైన సందు, కింద బిగువు.

బిగించే పద్ధతి

పాతది పీకేముందు ఫోన్ తీయండి. నాలుగు మూలలూ, అతుకు ఎక్కడుందో, పెదవి ఏ వైపుకి తిరిగి ఉందో, అన్నీ ఫొటోలు. నాలుగు తలుపులూ ఒకేసారి ఊడదీయొద్దు. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి. అనుమానమొస్తే పక్క తలుపు చూసుకోవచ్చు.

పాత జిగురుని స్క్రూడ్రైవర్‌తో గోకితే రంగు, ప్రైమర్ రెండూ పోతాయి. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, ప్లాస్టిక్ కార్డు ముక్కతో తోయండి. రబ్బరు కింద తుప్పు కనిపిస్తే అక్కడితో ఆగండి. వైర్ బ్రష్‌తో మెరిసే రేకు వచ్చేదాకా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రంగు వేయాలి. తుప్పు మీద రబ్బరు అంటిస్తే అది తడిని పట్టి ఉంచే గుడ్డలా పనిచేస్తుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. కొత్త పెయింట్ అయితే అది పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. ఎన్నాళ్లన్నది రంగు రకాన్నిబట్టి ఉంటుంది, పెయింటర్ చెప్పిన గడువు పాటించండి. పచ్చి రంగు మీద జిగురు పడితే రంగే ఊడి వస్తుంది.

ముందు జిగురు లేకుండా పట్టీని చుట్టూ పెట్టి చూసుకోండి. ఆ తర్వాత జిగురు పల్చగా రెండు వైపులా, అంటే రేకుకీ రబ్బరుకీ రాయాలి. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండేదాకా ఆగి, అప్పుడు అతికించాలి. తడిగా ఉండగానే నొక్కితే జారుతుంది, పట్టుకోదు. ఈ జిగుర్ల ఆవిరి తలనొప్పి తెస్తుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పక్కన వెల్డింగ్ జరుగుతుంటే ఆ పూటకి పని ఆపేయండి.

ఇప్పుడు ఇందాకటి మాట గుర్తుచేసుకోండి. సాగిన రబ్బరే పగులుతుంది. అందుకే పట్టీని లాగి అంటించకండి. లాగితే పని తొందరగా అవుతుంది, చక్కగా సాఫుగా కనిపిస్తుంది. కొన్నాళ్లకి అది మళ్లీ ముడుచుకుని అతుకు దగ్గర వేలెడు ఖాళీ వదులుతుంది. మూలల్లో పగుళ్లు మొదలవుతాయి. అతికిస్తూ కొంచెం లోపలికి నెట్టుకుంటూ రావాలి. చివర్లో ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి కోసి, రెండు కొసల్నీ ఒకదానికొకటి ఒత్తి కూర్చోబెట్టాలి. అతుకు తలుపు అడుగున వచ్చేలా చూసుకోండి. పైన వస్తే వాన దారి అదే.

మూల తిప్పేటప్పుడు బోలు పట్టీ నలిగి చదునైపోతుంటే లోపల సన్నటి ఫోమ్ తాడు ముక్క దూర్చండి. పట్టీకి అక్కడక్కడా కనిపించే చిన్న చిల్లులు లోపం కాదు. తలుపు మూసినప్పుడు లోపలి గాలి పోవడానికే అవి. వాటిలోకి జిగురు పోనివ్వకండి.

తలుపు పడట్లేదు... కోసేద్దామా?

కొత్త రబ్బరు వేశాక తలుపు గట్టిగా తోస్తేగానీ పడదు. ఇంట్లో అమ్మమ్మ ఎక్కి కూర్చుంటే తలుపు మూయలేదు. మేస్త్రీ బ్లేడ్ తీస్తాడు. ఆగండి! కొత్త రబ్బరు మొండికేయడం మామూలే. తలుపులు మూసి నాలుగైదు రోజులు వదిలేయండి. రోజూ కాసేపు ఎండలో ఉంచితే ఇంకా మంచిది. సర్దుకుంటుంది.

అప్పటికీ పడకపోతే లాక్ కొక్కెం పట్టుకునే స్ట్రైకర్‌ని బయటికి జరపాలి. ముందు దాని చుట్టూ మార్కర్‌తో గీత గీసి, ఒక్కో మిల్లీమీటరే జరుపుతూ చూడాలి. ఎలాగోలా తలుపుని బాది మూయడం మాత్రం వద్దు. లాక్ అరుగుతుంది, అద్దం ఛానెల్ కదిలిపోతుంది.

పాసైందా? ఫెయిలా?

పది రూపాయల నోటు తీసుకోండి. తలుపు సందులో పెట్టి మూసి లాగండి. కొంచెం బిగువుగా రావాలి. జానెడు దూరానికోసారి చుట్టూ ఇలాగే చేయండి. ఎక్కడ ఊరికే జారి వచ్చేసిందో అక్కడ రబ్బరు తగలట్లేదు. నోటు చిరిగేలా ఉంటే అక్కడ బిగువు ఎక్కువ. ఇంకోటి, రబ్బరు మీద సుద్దముక్క రుద్ది తలుపు మూసి తీయండి. బాడీ మీద తెల్లగీత తెగకుండా పడితే పాస్.

రాత్రిపూట కారులో ఫోన్ టార్చ్ వేసి అంచుల వెంట తిప్పితే, బయట ఉన్నవాళ్లకి వెలుగు చార కనిపించకూడదు. రోడ్డు మీద వేగంగా వెళ్తుంటే ఈల శబ్దం వస్తోందా? తలుపు సందు మీద మాస్కింగ్ టేపు అతికించి, ఒక్కోసారి ఒక్కో వైపు తీస్తూ వెళ్లండి. ఏ టేపు తీస్తే ఈల మొదలైందో అక్కడే ఖాళీ ఉంది.

డిక్కీ రబ్బరు మర్చిపోవద్దు

తలుపు రబ్బరు పోతే నీళ్లు, దుమ్ము, చప్పుడు. డిక్కీ రబ్బరు పోతే ప్రాణానికే ముప్పు. సైలెన్సర్ పొగ కారు వెనకాల సుడి తిరిగి డిక్కీ సందులోంచి క్యాబిన్‌లోకి వస్తుంది. పాత కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండదు కాబట్టి ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి రంగూ లేదు, వాసనా లేదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి తలనొప్పి, మత్తు వస్తున్నాయంటే తేలిగ్గా తీసుకోకండి. వెంటనే బండి ఆపి గాలిలోకి దించండి. ఆ తర్వాత సైలెన్సర్, డిక్కీ రబ్బరు, ఫ్లోర్ రంధ్రాల రబ్బరు బిళ్లలు మూడూ చూపించండి.

ఒరిజినలా? కొత్తదా?

పాత కార్ల అభిమానుల మధ్య ఎప్పుడూ నలిగే వాదన ఇది. అచ్చం ఆ కాలం పట్టీయే కావాలనేవాళ్లు ఒకవైపు, ఇప్పటి కార్ల మెరుగైన పట్టీ వేస్తే తప్పేంటనేవాళ్లు ఒకవైపు. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాల్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబర్ ప్లేట్ మీద 'వీఏ' అక్షరాలొస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులుండకూడదన్నది షరతు. అరిగిన రబ్బరు తీసి కొత్తది వేయడం ఆ లెక్కలోకి రాదు. కానీ కొత్త కారు పట్టీ పట్టాలని తలుపు అంచు రేకుని కోయడం, వంచడం మాత్రం చేయించకండి. రబ్బరు రేపు మార్చుకోవచ్చు, కోసిన రేకు తిరిగి రాదు. ఆకారం పాతది, రబ్బరు రకం కొత్తది. మన ఎండలకీ వానలకీ ఈ రాజీయే మేలు.

ఇవి గుర్తుంచుకోండి

• వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తలుపు అడుగు రంధ్రాల్లో సన్నటి ప్లాస్టిక్ పుల్ల తిప్పి శుభ్రం చేయండి.

• రబ్బర్లని షాంపూ నీళ్లతో కడిగి, ఆరాక సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. పెట్రోలు, డీజిలు, వ్యాజిలీన్ వద్దు.

• రంగు పని ఉందంటే అది పూర్తయ్యేదాకా సిలికాన్‌ని ఆ దరిదాపులకి తేవద్దు. రేకు మీద ఏ కాస్త ఉన్నా రంగు గుంటలు పడుతుంది.

• కారు నెలల తరబడి కదలకపోతే, ఎండ పూట తలుపులు కాసేపు తెరిచి పెట్టండి. లోపలి తేమ పోతుంది, రబ్బరుకీ ఊపిరాడుతుంది.

• పై కవర్ వేసేముందు మ్యాట్లు ఎత్తి ఫ్లోర్‌ని చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే ఆ రోజే కారణం వెతకండి.

పాత అంబాసిడర్ తలుపు సరిగ్గా పడినప్పుడు వచ్చే 'డబ్' అన్న బరువైన చప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకి బాగా తెలుసు. రేకుతో పాటు దాని చుట్టూ ఉన్న రబ్బరు కూడా సరిగ్గా ఉంటేనే ఆ చప్పుడు వస్తుంది. మీ బండి తలుపు మూసినప్పుడు 'టంగ్' అంటోందా? అయితే ఈ ఆదివారం ఒక పది రూపాయల నోటు, సుద్దముక్క పట్టుకుని షెడ్డులోకి వెళ్లండి!